మాట మోసే అత్త

మా ఆఫీసు క్యాంటీన్ టీవీలో ఎప్పుడూ క్రికెట్టే నడుస్తుంది. మొన్న వాన పడి ఆట ఆగిపోవడంతో ఎవరో చానెల్ మార్చారు. పాత బెంగాలీ సినిమా ఒకటి వస్తోంది. కాలికి ఇనుప పట్టీలున్న పిల్ల పరుగుపందెంలో గెలవాలని పట్టుబడుతుంది. అరిచే కోచ్ ఒకడు, కళ్లొత్తుకునే తల్లి ఒకతె, గుమ్మం దగ్గర నిలబడి ఏమీ మాట్లాడని తండ్రి ఒకడు. కుటుంబ సమేతంగా ఏడవదగిన చిత్రం. పది నిమిషాల్లో కలకత్తా న్యూ టౌన్‌లోని మా ఏడో అంతస్తంతా ముక్కులు చీదడం మొదలెట్టింది. చేపల పులుసు చల్లారిపోతున్నా ఎవరికీ పట్టలేదు.

తెర మీద ఆ పిల్ల పిడికిలి బిగించి, "ఆమి హార్ మాన్‌బో నా!" అంది.

నేను పకపకా నవ్వాను.

అందరూ నావైపు తిరిగారు. తిరిగి, బల్ల కింద చాపుకున్న నా కుడికాలు చూసి, సినిమాని చూసినదానికంటే ఎక్కువ బాధపడ్డారు. నాకు చిన్నప్పుడు పోలియో వచ్చింది. ఇలాంటి కాలున్నవాడు ఇలాంటి సినిమాకి అందరికంటే ముందు ఏడవాలన్నది లోకమర్యాద. నవ్వితే లోపల ఏదో పగిలిందనుకుంటారు. పక్క బల్ల దగ్గరి దాదా ఒకాయన (ఈ ఊళ్లో దాదా అంటే అన్నగారనే) లేచి వచ్చి, నా భుజం గట్టిగా నొక్కి, తన రసగుల్లా నా ప్లేట్లో పెట్టి, మాట్లాడకుండా వెళ్లిపోయాడు. నేనూ మాట్లాడకుండా తినేశాను.

వరంగల్ నుంచి కొత్తగా వచ్చిన మా టీము అమ్మాయికి బెంగాలీ రాదు. "అన్నా, ఆ పిల్ల మాటిమాటికి గదే అంటున్నది. ఏమంటున్నదన్నా?" అని గుసగుసగా అడిగింది.

"దండ వద్దంటోంది" అన్నాను. ఆలోచించకుండా వచ్చేసింది.

ఆ జవాబు నాది కాదు. మా అత్తది.

అత్తంటే మేనత్త కాదు. ఏక్‌బాల్‌పూర్‌లో మా సందు మొత్తానికి అత్త. ఆవిడ పేరు రేషన్ కార్డులో ఒకలా, హాజరుపట్టీలో ఒకలా, ఓటరు జాబితాలో ఇంకోలా ఉండేది. మూడూ తప్పేనని ఆవిడే చెప్పేది. అసలు పేరేదో మాత్రం చెప్పేది కాదు. నాలుగో తప్పు నేను చెయ్యను.

మా సందులో అందరూ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లే. మగాళ్లు మురుగు కాలవల్లో, ఆడాళ్లు వీధుల్లో, అందరిదీ కార్పొరేషన్ పనే. చీపురుకి భాష అక్కర్లేదు గనక మావాళ్లలో చాలామంది బెంగాలీ నేర్చుకోలేదు. అత్త నేర్చుకుంది. నేర్చుకున్నానని అత్తే చెప్పింది. కాదనాలంటే మాకు బెంగాలీ రావాలి కదా.

అందుకని రేషనాఫీసుకైనా, ఆసుపత్రికైనా, ఠాణాకైనా ముందు అత్త నడిచేది, వెనక మేం. కుచ్చెళ్లు ఎత్తి దోపుకుని, నోట్లోని తమలపాకుని ఒక చెంపకి నెట్టి, ఎడమ అరచెయ్యి చాపి, ఎదుటి బాబుని ట్రాఫిక్ పోలీసులా ఆపేది. "ఆగు దాదా, మాట మోస్తన్నాను." ఈ ముక్క తెలుగులోనే అనేది. వాళ్లు ఆగేవారు.

ఓసారి రేషనాఫీసు బాబు కొత్త కార్డుల గురించి పది నిమిషాలు వివరించాడు. వేళ్లు ముడిచాడు, కాగితం చూపించాడు, గోడ మీది బోర్డు చూపించాడు.

"ఏటంతన్నాడత్తా?" అన్నారు మావాళ్లు.

"ఒద్దంతన్నాడు."

మరోసారి అదే బాబు తలైనా ఎత్తకుండా "నా" అన్నాడు. బెంగాలీలో కాదు అనడానికి అంతకంటే పెద్ద మాట అక్కర్లేదు. అత్త ఆ ఒక్క అక్షరాన్నీ ఎత్తుకుని, "సూడమ్మా, మీ కష్టం నాకు తెల్దేటి, నాకూ పిల్లలున్నారు, పైనోళ్లు ఎలగ సెప్తే అలగ ఆడాల గానీ నా సేతిలో ఏటున్నాది, మంగళారం మీరందరూ రండి, కూకోబెట్టి టీ ఇప్పిస్తాను... అంతన్నాడు" అని దించింది. మంగళవారం మావాళ్లు పదకొండుమంది వెళ్లి టీ కోసం వరసగా నిలబడ్డారు. అంతమందిని చూసి బాబు హడలిపోయి కార్డుల పని చేసిపెట్టాడు. టీ మాత్రం రాలేదు. "మాట మీద నిలబడని మడిసి" అని అత్త ఆయన్ని చివరిదాకా క్షమించలేదు.

"ఉన్నదున్నట్టు సెప్పొచ్చు కదత్తా" అన్నాను ఒకసారి.

"వీది ఎలగ ఊడుస్తాంరా? ఆకాకూ వంగి ఎత్తుతామేటి? ముందు ఊడిసి కుప్పెట్టాల. అప్పుడెత్తాల. మాటా అంతే. ముక్కముక్కా ఎత్తితే నడుం పోతాది."

"కుప్పలోకి మట్టి కూడా వస్తాది కదా?"

"ఏ కుప్పలోకి రాదురా?"

అలాంటి కుప్పల్లో ఒకటి నాది. నాకు మూడేళ్లప్పుడు అమ్మ నన్ను చంకనేసుకుని, అత్తని ముందు పెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లింది. డాక్టరు నా కాలు వంచి, చాచి, చిన్న సుత్తితో కొట్టి చూసి, చాలాసేపు మాట్లాడాడట. ఆఖర్న తల అడ్డంగా ఊపాడట. తల ఊపడానికి ఏ భాషా అక్కర్లేదు గనక అమ్మ అక్కడే కూలబడింది. "ఏటంతన్నాడొదినా?" అని అడిగింది.

అత్త తమలపాకుని ఈ చెంప నుంచి ఆ చెంపకి మార్చి, "ఆలీసమవుతాదంట" అంది.

అంతే. అంత డాక్టరుకీ ఒక్క ముక్క. నడక ఆలస్యమవుతుంది, పరుగు ఇంకా ఆలస్యమవుతుంది, కానీ అవుతుంది. అమ్మ ఆ మాట పట్టుకుని ఎనిమిదేళ్లు ఎదురుచూసింది. ప్రతి పుట్టినరోజుకీ నా కాలికేసి, రావలసిన రైలు పట్టాలకేసి చూసినట్టు చూసేది.

పదకొండేళ్లకి నాకు ఇంగ్లీషు కూడబలుక్కోవడం వచ్చింది. వచ్చిన చదువు ఊరుకోదు కదా, ట్రంకుపెట్టెలో ఉన్న ఆ ఆసుపత్రి చీటీ తీసి చదివాను. అందులో ఆలస్యం అన్న మాట ఎక్కడా లేదు. ఎలా ఉన్న మడతలు అలాగే పెట్టి, చీటీని మళ్లీ అమ్మ పెళ్లిచీర కిందకి తోసేశాను.

ఆ ఏడాదే మా పేట క్లబ్బువాళ్లు ఈ సినిమాకి పాసులు పంచారు. ఆదివారం పొద్దుటి ఆట. మా సందు నుంచి పధ్నాలుగుమంది ఆడాళ్లు, మా నాన్న, నేను. నన్ను సరిగ్గా మధ్య సీట్లో కూర్చోబెట్టారు, పెళ్లిపీటల మీద కూర్చోబెట్టినట్టు. తెర మీద పిల్ల పడినప్పుడల్లా పధ్నాలుగు తలలు నావైపు తిరిగేవి. పడింది నేనేనేమోనని కాసేపటికి నాకే అనుమానమొచ్చి, కాలు తడుముకుని చూసుకున్నాను.

అత్త వరస చివర కూర్చుని గట్టిగా మోత మొదలెట్టింది. ముందు వరసలో పెద్దమనిషి వెనక్కి తిరిగి, "ఆస్తే దీదీ, ఆస్తే" అని నెమ్మదిగా మాట్లాడమన్నాడు. "కాజ్ కోర్ఛి దాదా" అంది అత్త, పనిలో ఉన్నానని. ఆయన సర్దుకున్నాడు. ఎర్రజెండా రోజులు. పని చేస్తున్నవాళ్లని ఆపే ధైర్యం ఆ ఊళ్లో ఎవరికీ లేదు. పని ఆపేసినవాళ్లని అనే ధైర్యం అసలే లేదు.

అప్పుడు తెర మీద పిల్ల పిడికిలి బిగించింది. "ఆమి హార్ మాన్‌బో నా!"

"దండ ఒద్దంతంది" అని మోసింది అత్త.

బెంగాలీలో హార్ అంటే ఓటమి. ఓటమి ఒప్పుకోను అంటోంది పాపం ఆ పిల్ల. కానీ మెళ్లో వేసుకునే గొలుసుని కూడా బెంగాలీలో హార్ అనే అంటారు. బాబుల ఇళ్ల ముందు ఊడుస్తూ, కిటికీల్లోంచి వచ్చే మొగుడూ పెళ్లాల దెబ్బలాటలు విని భాష నేర్చుకున్న అత్తకి తెలిసింది ఆ బంగారపు హారే. పైగా తెలుగులో హారం ఉండనే ఉంది. రెండు భాషలు కలిసి సాక్ష్యం చెబుతుంటే ఇంక అనుమానమెందుకు?

"ఎందుకొద్దంతంది?" అంది అమ్మ.

"సిగ్గు."

మా నాన్నకి బెంగాలీ ఒక్క ముక్క రాదు. "మాన్‌బో నా అంతంది కదప్పా, మానను అంతందేమో" అన్నాడు. ఆ వరస మొత్తంలో అసలు అర్థానికి దగ్గరగా వెళ్లినవాడు ఆయనొక్కడే. "నీకు తెల్దు, ఊరుకో తమ్ముడా" అంది అత్త. ఊరుకున్నాడు.

సినిమాలో పిల్ల ఆ మాట తొమ్మిదిసార్లు అంది. నాలుగోసారికి సిగ్గు కాస్తా పొగరైంది. "మరేదగా ఏస్తామంతే ఒద్దంతాదేటి? ఏసినోళ్లు సిన్నబుచ్చుకోరేటి?" అంది అత్త. ఏడోసారికి మా వరసంతా పిల్ల మీద జాలి మానేసి పళ్లు నూరుతోంది.

నాకు తెలుసు. గల్లీలో బెంగాలీ పిల్లలతో గోళీలాడి రోజూ ఓడిపోయేవాణ్ణి. హార్ అంటే ఏమిటో నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది? చెబుదామని నోరు తెరిచాను. పక్కన అమ్మ, ఆ ఇనుప పట్టీలకేసి కళ్లార్పకుండా చూస్తోంది. అత్త మోసిన మాట ఒకటి తప్పని తెలిస్తే, మిగతా మాటల సంగతేమిటని అడక్కుండా ఉంటుందా? పెళ్లిచీర కింద చీటీ గుర్తొచ్చింది. తెరిచిన నోట్లో నాలుగు వేరుసెనగలు పోసుకుని మూసేశాను.

ఆఖరి పందెంలో పిల్ల అందరికంటే చివర వస్తుంది. కోచ్ దాన్ని దగ్గరికి తీసుకుని, "హార్ హొయెఛే, హోక్" అంటాడు, ఓడితే ఓడావులే అని. హాలంతా బావురుమంది.

అత్త సీట్లోంచి లేచి నిలబడింది. "పడిపోనాది! దండ పడిపోనాది!"

మా వరసంతా చప్పట్లు. ముందు వరస పెద్దమనిషి కళ్లద్దాలు తుడుచుకుంటూ మావైపు చూసిన చూపు నాకింకా గుర్తే.

"మెళ్లో అగుపడదేటొదినా దండ?" అంది అమ్మ.

అత్త ఒక్క క్షణం కూడా తడబడలేదు. "రేపేస్తారు. ఈయేల పూలకొట్లు మూసీసినారు."

ఇంటికొచ్చేలోపే తీర్మానం అయిపోయింది. క్లబ్బు స్పోర్ట్స్‌లో వికలాంగుల పందెం ఒకటి ఉంది, అందులో నేను పరిగెత్తాలి. "ఆ గుంట పరిగెట్టినాది. మావోడికీ టైమైనాది" అంది అమ్మ. ఎనిమిదేళ్ల ఆలస్యం తీరే రోజొచ్చిందన్నమాట. నేను వద్దనలేదు. వద్దంటే ఎందుకని అడుగుతారు.

గెలవాలని నాకేం లేదు. పడకుండా చివరి గీత దాటితే చాలు. దారిలో పడ్డానంటే అమ్మ నన్ను మళ్లీ ఆ పెద్దాసుపత్రికి తీసుకెళుతుంది, మళ్లీ ఆ ప్రశ్నే వేయిస్తుంది. ఈసారి ఇంట్లోనే ఇంగ్లీషొచ్చినవాడున్నాడు గనక ఆ మాట మోయాల్సింది నేనే.

నా శిక్షణ అత్త చేతిలో పడింది. తెల్లారి ఆవిడ వీధి ఊడ్చుకుంటూ ముందుకెళుతుంటే, ఆ ధూళిలో నేను కాలికి కట్టిన ఇనుప కేలిపర్ టకటకలాడించుకుంటూ వెనక. ఆగితే "చోల్బే నా!" అని అరిచేది, కుదరదు అని. ఈ మాటొక్కటి ఆవిడకి ఏ లోపం లేకుండా వచ్చు. వీధికుక్కల్నీ వాననీ నన్నూ కలిపి దీంతోనే అదిలించేది. రోజూ ఒక పాఠం కూడా ఉండేది. "సూడు, ఆ పిల్లలాగ నువ్వు దండ ఒద్దనకు. బుర్రొంచి ఏయించుకో."

స్పోర్ట్స్ రోజున మా పందేనికి వచ్చినవాళ్లం ఇద్దరం. నేను, ప్రెస్సులో పనిచేసే చెవిటి దాదా ఒకాయన. ఆయన కాళ్లు గుర్రం కాళ్లు. చెవులకీ పరుగుకీ సంబంధమేమిటని నేనడగలేదు, నిర్వాహకులూ అడగలేదు. ముఖ్య అతిథి పార్టీ లోకల్ కమిటీ దాదా. ఆయన మైకు పట్టుకుని ప్రపంచ పరిస్థితితో మొదలెట్టి, నాలుగు ఖండాలు తిరిగి, అరగంటకి నా కాలి దగ్గరికొచ్చాడు. వంగి, మైకు నా మూతి దగ్గర పెట్టి, మైదానమంతా వినేలా అడిగాడు.

"ఖోకా, తుమి కి హార్ మాన్‌బే?"

బాబూ, నువ్వు ఓటమి ఒప్పుకుంటావా అని. ఒప్పుకోను అనాలి, జనం చప్పట్లు కొట్టాలి. నేను నోరు తెరిచేలోపు అత్త మైకు లాక్కుంది.

"మాన్‌బే దాదా, మాన్‌బే! నా మాన్‌లే ఆమి మానాబో!"

ఆవిడ చెప్పదలుచుకున్నది: మావాడు ఆ సినిమా పిల్లలా పొగరుబోతు కాదు, వేసిన దండ వేయించుకుంటాడు. మైదానం విన్నది: ఓటమి ఒప్పుకుంటాడు దాదా, తప్పకుండా ఒప్పుకుంటాడు, ఒప్పుకోకపోతే నేను ఒప్పిస్తాను.

మైదానం విరగబడి నవ్వింది. లోకల్ కమిటీ దాదా, ఆ పదవిలో ఉన్నవాళ్లు నవ్వకూడదు గనక, మొహం అటు తిప్పుకుని నవ్వాడు. అత్త కూడా నవ్వింది. తర్వాత నా మొహం చూసింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

"ఏటిరా? ఎందుకు నవ్వుతన్నారు?"

అత్త ఇంకొకర్ని అర్థమడగడం నేనెప్పుడూ చూడలేదు. పక్కన అమ్మ కూడా నావైపే చూస్తోంది.

నా నోట్లో తమలపాకు లేదు. ఉన్న నాలుకనే ఈ చెంప నుంచి ఆ చెంపకి మార్చాను. "నీ బెంగాలీ బాగున్నాదంతన్నారత్తా."

"బాగోకేటి?" అంది.

విజిల్ ఊదారు. ప్రెస్సు దాదాకి వినబడలేదు. నేను పాతిక అడుగులు వేసేదాకా ఆయన ఆకాశంలో గాలిపటం చూస్తూ నిలబడ్డాడు. ఎవరో వీపు మీద తట్టారు. నన్ను దాటేటప్పుడు నాకు నమస్కారం పెట్టి మరీ దాటాడు. ఆ తర్వాత పందెంలో చాలాసేపు నేనొక్కణ్ణే ఉన్నాను. పొద్దుపోతోందని నిర్వాహకులు గోనెసంచుల పందెం కూడా మొదలెట్టేశారు. సంచుల్లో కాళ్లు కట్టుకుని గెంతే పిల్లలు కూడా నన్ను దాటిపోయారు. వాళ్లలో ముగ్గురు పడ్డారు. నేను పడలేదు. గీత దగ్గరికి చేరేసరికి అక్కడ కట్టిన రిబ్బను విప్పి చుట్టేస్తున్నారు. ఆ చుట్టేసేవాణ్ణి పక్కకి జరగమని గీత దాటాను.

మైకులో ఫలితం చెబుతూ ఏదో ఓదార్పుగా అన్నారు. అందులో హార్ అన్న మాటొక్కటే అత్తకి వినబడింది. బంతిపూల దండతో పరిగెత్తుకొచ్చి నా మెళ్లో వేసింది. మైదానం మళ్లీ నవ్వింది. ప్రెస్సు దాదా ఒక్కడే ఆ నవ్వులు చూసి, ఇదేదో గొప్ప సందర్భమనుకుని, మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాడు.

అమ్మ నా దగ్గరికి మెల్లగా వచ్చింది. గోనెసంచులు నన్ను దాటిపోవడం ఆవిడ చూసింది. దాన్ని ఎవరూ మోసి చెప్పక్కర్లేదు.

"ఓడిపోనాడేటొదినా?"

అత్త తమలపాకుని చెంప మార్చింది. "ఓడిపోడమేటి? పడకుండా సివరంటా ఎల్లినాడు కాదా. ఆలీసమైనాది, అంతే."

అమ్మ నావైపు చూసింది. "అంతేనేటిరా?"

"అంతేనమ్మా" అన్నాను.

అమ్మ వంగి, కేలిపర్‌కి అంటుకున్న గడ్డి దులిపింది. ఆ తర్వాత ఎప్పుడూ నా కాలికేసి రైలు కోసం చూసినట్టు చూడలేదు. ఏం అర్థమైందో నాకు తెలీదు. మా ఇంట్లో ఎవరికెంత భాష వచ్చో ఎవరూ బయటపెట్టం.

అత్త కూడా అంతే. ఆ రోజు తర్వాత ఆవిడ నోట హార్ అన్న మాట నేను వినలేదు. దుర్గాపూజ పందిట్లో దండ చూపించినా "మాలా" అనేది. ఎవరో చెప్పి ఉంటారు. నేను అడగలేదు, ఆవిడ ఎత్తలేదు. కానీ ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా నన్ను వెంటబెట్టుకెళ్లి, మోసేముందు ఓ కంట నావైపు చూసేది. నేను తలూపేవాణ్ణి. తప్పు మోసినా ఊపేవాణ్ణి.

రెండేళ్ల కిందట పోయింది. సంతాప సభలో యూనియన్ బాబు బెంగాలీలో అరగంట మాట్లాడాడు. ఆయన ఊపిరి పీల్చుకోవడానికి ఆగగానే మా సందువాళ్లందరూ అలవాటు కొద్దీ వరస చివరికి తిరిగారు. అక్కడ ఎవరూ లేరు. అప్పుడు నావైపు తిరిగారు.

"ఏటంతన్నాడురా?"

నేను లేచాను. బాబుకేసి ఎడమ అరచెయ్యి చాపాను. కుప్ప పెద్దదే.

"మంచి మనిషంట" అన్నాను.

ఇదంతా ఆ వరంగల్ అమ్మాయికి చెప్పేంత సమయం లేదు. తెర మీద ఆఖరి పందెం నడుస్తోంది. పిల్ల అందరికంటే చివర వచ్చింది. కోచ్ దగ్గరికి తీసుకుని, "హార్ హొయెఛే, హోక్" అన్నాడు. క్యాంటీన్ మొత్తం గొల్లుమంది. రసగుల్లా దాదా నాకోసం కూడా కలిపి ఏడుస్తున్నాడు.

"అన్నా, గెలిచిందా, ఓడిందా?" అంది అమ్మాయి, కళ్లు తుడుచుకుంటూ.

"దండ పడింది."

ఆమె మెడ చాచి టీవీకేసి చూసింది. "ఏదన్నా? మెడల ఏం కనిపిస్తలేదు గదా?"

"రేపు వేస్తారు" అన్నాను. "ఇవాళ పూలకొట్లు మూసేశారు."